‘ఏం చేయమంటారు?’ అన్న ప్రశ్న దగ్గర మొదలయ్యే నాయకత్వం

ఆఫీసు మొదలై గంట కూడా కాదు. టీమ్‌లో ఒకరు మేనేజర్ టేబుల్ దగ్గరికి వచ్చి, “క్లయింట్ గడువును రెండు రోజులు ముందుకు జరపమంటున్నారు, ఏం చేయమంటారు?” అని అడుగుతారు. మేనేజర్ స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండానే, “కుదరదని చెప్పండి. అనుకున్నట్టు శుక్రవారమే ఇస్తామనండి” అంటారు. అరనిమిషంలో పని తేలిపోయింది. అడిగినవారికి బాధ్యత తప్పింది, చెప్పినవారికి తాను లేకపోతే ఏదీ కదలదన్న తృప్తి మిగిలింది. ఇద్దరికీ హాయే. ఇలాంటివి రోజుకు పాతిక జరిగితే మాత్రం సాయంత్రానికి మేనేజర్ అసలు పని అలాగే ఉండిపోతుంది. ఆ తర్వాత ఏదో ఒక రివ్యూలో ఆయనే “మన టీమ్‌లో ఎవరూ చొరవ తీసుకోరు” అని వాపోతారు.

ఆ టీమ్‌కి చొరవ లేకపోవడం పుట్టుకతో వచ్చింది కాదు. అడిగితే జవాబు దొరుకుతుందని, అడక్కుండా చేస్తే మాట పడాల్సి వస్తుందని వాళ్లు రోజూ చూసి నేర్చుకున్నారు. చాలా సంస్థలు సాధికారతను ఒక ప్రకటనగా చూస్తాయి. పెద్ద హాల్లో అందరినీ కూర్చోబెట్టి “ఇకపై నిర్ణయాలు మీవే” అని చప్పట్ల మధ్య చెబుతారు. మర్నాడు పొద్దున్నే అదే పెద్దమనిషి ఒక మామూలు మెయిల్లో మూడు వాక్యాలు దిద్ది, పంపేముందు తనకు చూపించమంటారు. అక్కడితో ఆ ప్రకటన చెల్లకుండా పోయింది. మళ్లీ ఎవరూ దాని ఊసెత్తరు, గుర్తుపెట్టుకోరు కూడా.

ఈ విషయం మీద పరిశోధన చాలానే జరిగింది. గ్రెచెన్ స్ప్రైట్జర్ అనే పరిశోధకురాలు 1995లో ప్రచురించిన అధ్యయనంలో, ఉద్యోగంలో తనకు అధికారం ఉందని మనిషికి అనిపించడానికి నాలుగు అంశాలు చెప్పారు. చేస్తున్న పనికి అర్థం ఉందనిపించాలి. అది తనకు చేతనవుననే నమ్మకం ఉండాలి. ఎలా చేయాలన్నది తానే తేల్చుకునే వీలుండాలి. తన పని వల్ల ఏదో ఒకటి మారుతోందని కనిపించాలి. నాలుగూ ఉద్యోగి మనసులో జరిగేవే కాబట్టి, కొత్త పదవి పేరు ఇచ్చినా, కేబిన్ మార్చినా అవి వాటంతటవి రావు. వీటిలో చివరి రెండూ చాలావరకు పైనున్న మనిషి ప్రవర్తన మీదే ఆధారపడతాయి. ఆ ప్రవర్తన బయటపడేది ఏడాదికోసారి జరిగే అప్రైజల్‌లో కంటే పైన చెప్పినలాంటి అరనిమిషం సంభాషణల్లోనే ఎక్కువ.

జవాబు తెలిసినా ఆగడం

టీమ్‌కి అధికారం పంచే నాయకుడికి కావాల్సిన అలవాట్లలో కష్టమైనది ఇదే. మేనేజర్ అయినవారు సాధారణంగా ఆ పనిలో చురుకైనవారే, జవాబులు త్వరగా తట్టబట్టే ఆ కుర్చీ దాకా వచ్చారు. తెలిసిన జవాబు నోట్లో పెట్టుకుని కూర్చోవడం వాళ్లకు దాదాపు శారీరకమైన ఇబ్బంది.

అమెరికా నౌకాదళంలో డేవిడ్ మార్కే అనే అధికారి 1999లో ‘శాంటా ఫే’ అనే అణు జలాంతర్గామికి కెప్టెన్ అయ్యారు. ఆయన శిక్షణంతా వేరే రకం జలాంతర్గామి కోసం జరిగింది, చివరి నిమిషంలో దీనికి మార్చారు. రియాక్టర్ ఆగిపోయినట్టు భావించి చేసే ఒక అభ్యాసంలో, అత్యవసర ఎలక్ట్రిక్ మోటారు వేగాన్ని మూడింట రెండు వంతులకు పెంచమని ఆయన సూచించారు. అప్పుడు డ్యూటీలో ఉన్న అధికారి ఆ ఆజ్ఞను కిందికి అందించారు. చక్రం దగ్గర ఉన్న నావికుడు మాత్రం కదల్లేదు. ఏమిటంటే, ఈ జలాంతర్గామి మోటారుకు అసలు ఆ వేగమే లేదు. ఆజ్ఞ అందించిన అధికారిని అడిగితే, ఆ సంగతి తనకు ముందే తెలుసన్నారు. మరెందుకు చెప్పారంటే, మీరు చెప్పమన్నారు కాబట్టి అన్నారు.

తప్పుడు ఆజ్ఞ ఇవ్వడం పెద్ద విషయం కాదు, ఎవరికైనా జరుగుతుంది. తప్పని తెలిసిన మనిషి దాన్ని నోరెత్తకుండా కిందికి పంపడమే అసలు ప్రమాదం. అప్పటినుంచి మార్కే తన అధికారుల చేత “అనుమతి కావాలి” అనే మాట మాన్పించి, “నేను ఫలానా పని చేయబోతున్నాను” అనే మాట అలవాటు చేయించారు. పైకి మాటతీరులో చిన్న మార్పే. కానీ చేయబోతున్నాను అనాలంటే మనిషి ముందే ఆలోచించి ఉండాలి, ఎందుకు చేస్తున్నాడో చెప్పగలగాలి. కెప్టెన్‌కి మిగిలేది వినడం, అవసరమైతే ఒక ప్రశ్న వేయడం.

పొద్దున్న జరిగిన ఆ అరనిమిషాన్నే మళ్లీ ఇలా ఊహించవచ్చు.

“క్లయింట్ గడువును రెండు రోజులు ముందుకు జరపమంటున్నారు.”

“మీరేం అనుకుంటున్నారు?”

“కష్టమే. టెస్టింగ్‌కి ఒక్క రోజే మిగులుతుంది.”

“మొత్తం ముందే కావాలంటున్నారా, అందులో ఏదైనా ఒక భాగమా?”

“అది అడగలేదు. బహుశా రిపోర్టుల భాగమే అయ్యుంటుంది. గురువారం వాళ్లకి బోర్డు మీటింగ్ ఉందని మాటల్లో అన్నారు.”

“అయితే?”

“కనుక్కుంటాను. అదే అయితే రిపోర్టులు మాత్రం బుధవారం సాయంత్రానికి ఇచ్చి, మిగతాది శుక్రవారమే అని చెబుతాను.”

“సరే, అలాగే కానివ్వండి. మాట్లాడాక నాకొక ముక్క చెప్పండి.”

అరనిమిషం బదులు మూడు నిమిషాలు పట్టింది. కానీ బోర్డు మీటింగ్ సంగతి ఉద్యోగికి తెలుసు, మేనేజర్‌కి తెలియదు. మొదటిసారి చెప్పిన “కుదరదు” అన్న జవాబు ఆ సమాచారం లేకుండా పుట్టింది. పనికి దగ్గరగా ఉన్న మనిషి దగ్గరే వివరాలు ఉంటాయి, నిర్ణయం మాత్రం దూరంగా ఉన్న మనిషి తీసుకుంటారు. ఆఫీసుల్లో జరిగే పొరపాట్లలో చాలా వాటికి మూలం ఈ దూరమే. ప్రశ్న తిరిగి వేయడం ఉద్యోగిని సంతోషపెట్టే మర్యాద అనుకుంటారు గానీ, నిర్ణయం మెరుగవడానికి కూడా అదే దారి.

మేనేజర్ల సమయం గురించి విలియం ఆంకెన్, డొనాల్డ్ వాస్ అనే ఇద్దరు 1974లో రాసిన వ్యాసం ఇప్పటికీ ప్రచారంలో ఉంది. అందులో సమస్యను కోతితో పోల్చారు. కారిడార్‌లో ఉద్యోగి ఒక సమస్య చెబుతాడు, మేనేజర్ “ఆలోచించి చెబుతాను” అంటాడు, ఆ క్షణంలో కోతి ఉద్యోగి వీపు మీంచి మేనేజర్ వీపు మీదికి దూకేస్తుంది. ఇక రోజూ “దాని సంగతి ఏమైంది?” అని అడిగేది ఉద్యోగి, సంజాయిషీ ఇచ్చుకునేది మేనేజర్. ఎవరికి ఎవరు రిపోర్ట్ చేస్తున్నట్టు? “చూస్తాను”, “నాకు మెయిల్ పెట్టండి”, “నేను మాట్లాడతాలే” లాంటి మాటలు ఎన్నిసార్లు నోటివెంట వస్తున్నాయో ఒక్కరోజు గమనించుకుంటే చాలు, ఎన్ని కోతులు చేరాయో తెలిసిపోతుంది.

అయితే ప్రశ్న తిప్పికొట్టడం ఎత్తుగడగా మారితే అంతకంటే చికాకు ఇంకోటి లేదు. జవాబు మనసులో పెట్టుకుని, ఎదుటివాళ్లు దాన్ని ఊహించేదాకా “ఇంకా ఆలోచించండి” అంటూ పోయేవాళ్లుంటారు. అది వైవా పరీక్ష. ఉద్యోగి రెండుసార్లలో దాన్ని పసిగట్టి, మూడోసారి నేరుగా “మీకెలా కావాలో చెప్పండి, అలాగే చేస్తా” అంటారు. నిర్ణయం ఇప్పటికే అయిపోయి ఉంటే, దాన్ని మార్చే ఉద్దేశం లేకపోతే, సూటిగా చెప్పేయడమే గౌరవం. అలాగే ఒక పని జీవితంలో మొదటిసారి చేస్తున్నవారిని “మీరేం అనుకుంటున్నారు?” అని అడగడంలో అర్థం లేదు. వాళ్లకు ముందు ఒకసారి దగ్గరుండి చూపించాలి.

ఇక్కడే ఇంకో అలవాటు కలిసొస్తుంది. పని అప్పగించే ప్రతిసారీ, ఎంతవరకు అప్పగిస్తున్నారో ఒక్క వాక్యంలో చెప్పడం. “మీరే చేసేయండి, నాకు చెప్పనక్కర్లేదు.” “చేశాక చెప్పండి.” “చేసేముందు ఒకసారి నాతో మాట్లాడండి.” ఈ మూడింటిలో ఏది వర్తిస్తుందో తెలియక ఉద్యోగులు పడే టెన్షన్ అంతా ఇంతా కాదు. చెప్పకుండా చేస్తే “నన్నడగాలి కదా” అంటారేమో, అడిగితే “ఇది కూడా నేనే చెప్పాలా” అంటారేమో. ఈ రెండు భయాల మధ్య నలిగేవారు చివరికి అడగడమే ఎంచుకుంటారు, ఎందుకంటే అందులో దెబ్బ తక్కువ. హద్దు గీసి ఇస్తే ఆ హద్దు లోపల మనిషి ధైర్యంగా తిరుగుతాడు. ఒకే రకం పని రెండు మూడుసార్లు సజావుగా సాగాక “ఇకనుంచి చేశాక చెబితే చాలు” అని ఒక మెట్టు పైకి జరపడం మర్చిపోకూడదు. చాలామంది ఈ రెండో భాగం మర్చిపోతారు. దాంతో ఐదేళ్ల అనుభవం ఉన్న మనిషి కూడా మొదటి నెలలో పెట్టిన కట్టడిలోనే పని చేస్తుంటారు.

ముందు మాట్లాడితే మిగతావాళ్లు ఆగిపోతారు

మీటింగ్‌లో పెద్దవారు మొదట అభిప్రాయం చెప్పేస్తే చర్చ అక్కడితో ముగిసినట్టే. తర్వాత మాట్లాడేవాళ్లు దానికి మెరుగులు దిద్దుతారంతే. “నేను చెప్పింది కేవలం ఒక ఆలోచన, మీరంతా స్వేచ్ఛగా మాట్లాడండి” అని తోక తగిలించినా లాభం లేదు.

అధికారం పక్కవాళ్ల గొంతును ఎంత తగ్గించగలదో విమానయానం చాలా ఖరీదు చెల్లించి నేర్చుకుంది. 1977 మార్చి 27న టెనెరిఫే దీవిలో, పొగమంచు కమ్మిన రన్‌వే మీద రెండు బోయింగ్ 747 విమానాలు ఢీకొని 583 మంది చనిపోయారు. టేకాఫ్ మొదలుపెట్టిన విమానం కెప్టెన్ ఆ సంస్థలోనే పైలట్లకు శిక్షణ ఇచ్చే స్థాయి మనిషి. ఆయన మొదటిసారి ఇంజిన్లు పెంచబోతే, ఇంకా అనుమతి రాలేదని కో పైలట్ గుర్తుచేశారు. ఆగారు. రెండోసారి కదిలినప్పుడు కో పైలట్ మళ్లీ ఆపలేదు. విమానం రన్‌వే మీద పరుగు తీస్తుండగా, అవతలి విమానం ఇంకా రన్‌వే మీద నుంచి తప్పుకోలేదేమో అని ఫ్లయిట్ ఇంజినీర్ ప్రశ్నలాగా అడిగారు. తప్పుకుందని కెప్టెన్ గట్టిగా బదులిచ్చారు. ఇంజినీర్ మళ్లీ మాట్లాడలేదు. కొద్ది సెకన్లలో అంతా అయిపోయింది. పొగమంచు, ఒకదానిమీద ఒకటి పడిన రేడియో సందేశాలు, అస్పష్టమైన మాటలు ఇలా కారణాలు చాలా ఉన్నాయి. కానీ అనుమానం వచ్చిన మనిషి దాన్ని ప్రశ్నగా మెత్తగా అడగడం, గట్టి జవాబు రాగానే ఊరుకోవడం అన్న రెండు విషయాలూ ఆ తర్వాత పైలట్ల శిక్షణనే మార్చేశాయి. అలాంటి మరికొన్ని ప్రమాదాల తర్వాత 1979లో నాసా నిర్వహించిన వర్క్‌షాప్ నుంచి, కాక్‌పిట్‌లో ఉన్న అందరి మాటనూ వాడుకునే పద్ధతి మీద శిక్షణ మొదలైంది. కిందివారికి గట్టిగా చెప్పడం నేర్పుతారు, కెప్టెన్లకు అడిగి వినడం నేర్పుతారు.

ఆఫీసు మీటింగ్‌లో ప్రాణాలు పోవు, డబ్బూ నెలలూ పోతాయి. కానీ మౌనం పుట్టే తీరు అదే. దీనికి పనికొచ్చే అలవాటు సులువైనదే. విషయం ముందు పెట్టి, అందరికంటే జూనియర్ అయినవారి నుంచి మొదలుపెట్టి, తాను చివర మాట్లాడటం. నోరు తెరిచి చెప్పడానికి వెనకాడేవాళ్లుంటే ముందు ఐదు నిమిషాలు కాగితం మీద రాసుకోనివ్వడం. “ఎవరికైనా అభ్యంతరం ఉందా?” అన్న ప్రశ్నకు ఎప్పుడూ నిశ్శబ్దమే జవాబు, దాన్ని అంగీకారమనుకోవడం మేనేజర్లు తమను తాము మోసగించుకోవడమే. “ఇది చెడిపోతే ఎక్కడ చెడిపోతుంది?” అని అడిగితే మాట్లాడటానికి దారి దొరుకుతుంది, ఎందుకంటే అప్పుడు లోపం చెప్పడం ఎదురు చెప్పినట్టు కాకుండా అడిగినదానికి జవాబు చెప్పినట్టవుతుంది.

చెడ్డ వార్త విన్న మొదటి పది సెకన్లు

హార్వర్డ్‌కు చెందిన ఎమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడంలో జరిగే పొరపాట్ల మీద పరిశోధన చేశారు. మంచి జట్లలో పొరపాట్లు తక్కువ ఉంటాయన్నది ఎవరైనా ఊహించేదే. లెక్కలు తీస్తే రివర్స్‌లో వచ్చాయి. కలిసికట్టుగా, చక్కటి నాయకత్వంలో పనిచేసే జట్లలోనే ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. తరచి చూస్తే తేలిందేమిటంటే, వాళ్లు ఎక్కువ తప్పులు చేయడం లేదు, చేసినవాటిని దాచడం లేదు. మిగతా చోట్ల తప్పులు రికార్డు దాకా వచ్చేవి కావు. 1999లో ఆమె ప్రచురించిన మరో అధ్యయనంతో ఈ ఆలోచన బాగా వ్యాప్తిలోకి వచ్చింది. టీమ్‌లో ప్రశ్న అడిగినా, తప్పు ఒప్పుకున్నా, తెలియదన్నా అవమానం జరగదన్న నమ్మకం ఉన్నచోట మనుషులు త్వరగా నేర్చుకుంటారు. తర్వాత గూగుల్ తన సొంత టీమ్‌లు 180 దాకా తీసుకుని, ఏవి బాగా పనిచేస్తున్నాయో చూసినప్పుడు కూడా ఈ నమ్మకమే మొదటి స్థానంలో నిలిచింది.

ఈ నమ్మకాన్ని కట్టేదీ కూల్చేదీ మేనేజర్ మొహం. “సర్వర్‌లో పాత డేటా పొరపాటున పోయింది” అని ఒకరు వచ్చి చెప్పినప్పుడు మొదట వచ్చే మాట “ఎవరు చేశారు?” అయితే, ఆ గదిలో ఉన్న అందరూ ఒక పాఠం నేర్చుకుంటారు. వచ్చేసారి వార్త ఆలస్యంగా వస్తుంది, లేదా రాదు. “వెంటనే చెప్పడం మంచిదైంది. ఇప్పుడు ఎంతవరకు పోయింది? ఏం చేస్తే ఆగుతుంది?” అన్న మూడు ముక్కలు ముందే నోటికి వచ్చేలా పెట్టుకోవడం మేలు, ఎందుకంటే కోపం వచ్చిన క్షణంలో మంచి వాక్యం కొత్తగా తట్టదు. టయోటా ఫ్యాక్టరీల్లో కార్లు తయారయ్యే లైన్ వెంబడి లాగడానికి ఏళ్ల తరబడి ఒక తాడు ఉండేది. లోపం కనిపించిన ఏ కార్మికుడైనా దాన్ని లాగగలిగేవాడు. లాగగానే టీమ్ లీడర్ అక్కడికి వచ్చి సాయం చేసేవాడు, కారు ఆ చోటు దాటేలోగా సరికాకపోతే లైన్ ఆగేది. తాడు కట్టడం ఏ కంపెనీకైనా చేతనవుతుంది. లాగినప్పుడు లీడర్ విసుక్కోకుండా రావడం మీదే ఆ ఏర్పాటంతా నిలబడింది.

దీన్ని తప్పులన్నీ మాఫీ చేయడంగా అర్థం చేసుకోకూడదు. అదే నిర్లక్ష్యం పదేపదే జరిగితే దాని గురించి గట్టిగా మాట్లాడాల్సిందే. కాకపోతే అది మంట ఆరాక, తలుపు వేసుకుని, ఆ ఒక్క మనిషితో.

మెచ్చుకోలు గురించి ఇంత పొడవున చెప్పనక్కర్లేదు, కానీ ఒక హెచ్చరిక ఉంది. ఫీడ్‌బ్యాక్ ఎంత ఇస్తే అంత మంచిదన్న నమ్మకాన్ని అవ్రహామ్ క్లూగర్, ఏంజెలో డెనిసి అనే పరిశోధకులు 1996లో గట్టిగా ప్రశ్నించారు. 607 ఫలితాలను కలిపి విశ్లేషిస్తే, సగటున ఫీడ్‌బ్యాక్ మేలు చేసినా, మూడో వంతుకు పైగా సందర్భాల్లో పనితీరు తగ్గింది. వ్యాఖ్య పని మీంచి మనిషి మీదికి మళ్లేకొద్దీ ప్రయోజనం తగ్గుతుందన్నది వాళ్ల వివరణ. “మీరు చాలా తెలివైనవారు” కంటే “నిన్నటి నోట్‌లో ఖర్చుల పట్టిక ముందు పెట్టారు, అందుకే ఫైనాన్స్ వాళ్లు ఒక్కసారికే ఒప్పుకున్నారు” అన్నది ఎక్కువ పనిచేస్తుంది. ఇక పైవాళ్లకు పంపే మెయిల్లో పని చేసిన మనిషి పేరు రాయడానికి పది సెకన్లు పడుతుంది. “మా టీమ్ చేసింది” అని రాసి ఊరుకునే మేనేజర్ల వినయం కొంచెం అనుమానించదగ్గదే.

అడ్డు తీయడం

తెరెసా అమాబిలె అనే పరిశోధకురాలి బృందం 238 మంది ఉద్యోగుల చేత రోజువారీ డైరీలు రాయించి, దాదాపు 12,000 నమోదులు పరిశీలించింది. ఉద్యోగి రోజు బాగా గడిచిందనిపించడానికి అన్నిటికంటే ఎక్కువగా తోడ్పడింది తనకు ముఖ్యమైన పనిలో ఆ రోజు ఒక అడుగు ముందుకు పడటం, అది చిన్నదైనా సరే. దీన్నిబట్టి చూస్తే నాయకుడి రోజులో అత్యంత విలువైన ప్రశ్న “ఎంతవరకు వచ్చింది?” కాదు, “ఎక్కడ ఆగింది?”

రెండిటికీ తేడా వినేవాళ్లకు బాగా తెలుసు. మొదటిది లెక్క అడగడం, రెండోది చేయి అందించడం. కానీ అడిగాక చేయాల్సింది చేయకపోతే అడగకపోవడమే నయం. వేరే డిపార్ట్‌మెంట్ నుంచి ఒక అనుమతి పది రోజులుగా రావడం లేదని ఉద్యోగి చెబితే, అక్కడ కుర్చీ బరువు వాడాల్సింది మేనేజరే. సాయంత్రంలోగా ఒక ఫోన్ చేసి, ఏం జరిగిందో ఆ మనిషికి చెప్పాలి, కాలేదన్నా సరే. ఇందాక చెప్పిన కోతి లెక్కకు ఇది విరుద్ధం కాదా అనిపించవచ్చు. కాదు. ఉద్యోగి పరిధిలో ఉన్న పని ఉద్యోగి దగ్గరే ఉండాలి, హోదా ఉంటేనే కదిలే పని మాత్రం హోదా ఉన్నవారు చేయాలి. చిత్రమేమిటంటే చాలా ఆఫీసుల్లో ఇది తలకిందులుగా జరుగుతుంది. మెయిల్లో కామాలు మేనేజర్ దిద్దుతారు, మొండి డిపార్ట్‌మెంట్‌తో పోరాటం జూనియర్‌కి వదిలేస్తారు.

సమాచారం ఇవ్వకుండా నిర్ణయం ఇవ్వడం కూడా ఇలాంటిదే. బడ్జెట్ ఎంత మిగిలిందో, పైవాళ్లు దేని గురించి ఆందోళన పడుతున్నారో, క్లయింట్‌తో ఒప్పందంలో ఏముందో తెలియని మనిషికి “మీరే చూసుకోండి” అనడం సాధికారత అనిపించుకోదు. పై మీటింగ్ నుంచి రాగానే రహస్యం కానివన్నీ ఐదు నిమిషాల్లో టీమ్‌కి చెప్పేయడం ఏ ఖర్చూ లేని అలవాటు. అయినా చాలా అరుదు, ఎందుకంటే తెలియనివాళ్ల మధ్య తెలిసినవారుగా ఉండటంలో ఒక సుఖం ఉంది.

పరిమితులు

ఇవన్నీ ప్రతిచోటా ఒకేలా ఫలిస్తాయని చెబితే అబద్ధమవుతుంది. నూటికి పైగా అధ్యయనాలను కలిపి చూస్తూ 2018లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం, అధికారం పంచే నాయకత్వ ప్రభావం కొత్త ఆలోచనల మీద, ఒకరికొకరు సాయపడటం మీద ఎక్కువగా కనిపించింది. రోజూ ఒకేలా జరిగే పనుల మీద తక్కువ. కొందరు ఉద్యోగులకు ఇది అదనపు భారంగానూ అనిపిస్తుంది. జీతం అదే, గుర్తింపు అదే, తలనొప్పి మాత్రం పెరిగింది అనుకుంటే వాళ్లను తప్పుపట్టలేం. ఖాళీ అయిన రెండు ఉద్యోగాల పనిని ఒకరి నెత్తిన పెట్టి దానికి సాధికారత అని పేరు పెట్టే సంస్థలు ఉన్నాయి, ఈ మాటకు చెడ్డ పేరు తెచ్చింది కూడా అవే.

పైనుంచి ఒత్తిడి వచ్చే మధ్యస్థాయి మేనేజర్ కష్టం వేరు. తన బాస్ ప్రతి వివరమూ తననే అడుగుతుంటే, తాను కిందివాళ్లకు నిర్ణయాలు వదిలేయడం ఎలా? పూర్తిగా వదల్లేరు. కానీ తన పరిధిలో ఉన్నంతవరకు, “దీని వివరాలు ఆవిడకే బాగా తెలుసు, మీటింగ్‌కి ఆవిడనే తీసుకొస్తాను” అని పైవారితో అనగలరు. అలా రెండు మూడుసార్లు జరిగితే పైవారు కూడా నేరుగా ఆ మనిషినే అడగడం మొదలుపెడతారు. అప్పుడు కొంచెం చివుక్కుమన్నా ఓర్చుకోవాలి.

అలవాటు చేసుకోవడం గురించి రెండు మాటలు. ఫిలిప్పా లాలీ అనే పరిశోధకురాలి బృందం లండన్‌లో చేసిన అధ్యయనంలో, ఒక కొత్త పని అలవాటుగా స్థిరపడటానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉండొచ్చని అంచనా వేశారు. అవి నీళ్లు తాగడం, నడవడం లాంటి సొంత పనులు. ఇంకొకరి మీద ఆధారపడే అలవాటు అంతకంటే త్వరగా వస్తుందని ఆశించలేం. కాబట్టి పైన చెప్పినవన్నీ సోమవారం నుంచి ఒకేసారి మొదలుపెడితే గురువారానికి ఏదీ మిగలదు. పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వవేత్త పరిశోధనలు చెప్పే చిట్కా ఇక్కడ ఉపయోగం: “మంచి నాయకుడిగా మారతాను” లాంటి సంకల్పం కంటే, “ఫలానాది జరిగితే ఫలానా పని చేస్తాను” అని సందర్భానికి ముడివేసిన నిర్ణయం ఎక్కువగా అమలవుతుంది. ఎవరైనా “ఏం చేయమంటారు?” అంటే ముందు “మీరేం అనుకుంటున్నారు?” అంటాను. ఇదొక్కటే, కొన్ని వారాలు.

ఒత్తిడి పెరిగిన వారంలో పాత పద్ధతి తిరిగి రావడం ఖాయం. అన్నీ తానే తేల్చేయాలనిపిస్తుంది, ఒక్కోసారి అది అవసరం కూడా. అలాంటప్పుడు దొంగచాటుగా పగ్గాలు లాక్కోకుండా, “ఈ రిలీజ్ అయ్యేదాకా నిర్ణయాలు నావి, కారణం ఇది, సోమవారం నుంచి మళ్లీ మీవే” అని బయటికి చెప్పేస్తే టీమ్ అర్థం చేసుకుంటుంది. సోమవారం నిజంగా తిరిగి ఇచ్చేస్తేనే, అనుకోండి.

ఫలితం ఉందా లేదా తెలుసుకోవడానికి సర్వే అక్కర్లేదు. మేనేజర్ వారం రోజులు సెలవు పెట్టి తిరిగి వచ్చాక, తన కోసం ఆగి ఉన్న విషయాలను వరసగా చూసుకోవాలి. నిజంగా తన సంతకం కావాల్సినవి కొన్ని ఉంటాయి, వాటితో పేచీ లేదు. ఎవరైనా తేల్చగలిగి ఉండి కూడా ఆపినవి ఉంటే, ఒక్కొక్కదాని దగ్గరా ఎవరు ఎందుకు ఆగారో అడగాలి. ఎంతవరకు చేయవచ్చో తెలియక ఆగారా, సమాచారం లేక ఆగారా, లేక పోయినసారి ఇలాంటిదే చేసి మాట పడ్డారా? ఇవి కాక, తాను లేనప్పుడు టీమ్ తేల్చేసినవి, అందులోనూ తాను ఉంటే వేరేలా చేసి ఉండేవి కొన్ని కనిపిస్తాయి. వాటి విషయంలో ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు: దీనివల్ల ఎవరికైనా నష్టం జరుగుతోందా? జరుగుతుంటే ఆ నిర్ణయం తీసుకున్న మనిషినే పిలిచి, ఆ మనిషి చేతే సరిచేయించాలి. నష్టమేమీ లేక, కేవలం తన పద్ధతి కాదు కాబట్టి నచ్చకపోతే, దాన్ని తిరగదోడకుండా అలాగే సాగనివ్వాలి.